అక్కుపల్లికి వెళ్ళిన జపాన్ ఆట

మా అమ్మాయి పార్వతిని అక్కుపల్లి ఇచ్చి ఏడాది దాటింది. కాపురానికి వెళ్ళాక పిల్ల ఒక్కసారి కూడా టెక్కలి రాలేదు. రెండుసార్లు మనిషిని పంపాను. రెండుసార్లూ మా వియ్యపురాలు నీలమ్మ వదిన "జీడిపిక్కలు ఏరాలి, కొబ్బరి దింపాలి" అని ఉత్తచేతులతో తిప్పి పంపేసింది. ఈసారి నేనే వెళ్ళి, పది రోజులకైనా సరే పిల్లని వెంటబెట్టుకు రావాలని బయలుదేరాను. మా ఆయన పోయాక మా ఇంట్లో అడగాల్సినవన్నీ అడిగేది నేనే.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా వీధి టీచరమ్మ రాస్తోంది. ఏ బండి ఎక్కావు, ఎక్కడ దిగావు అన్నీ చెప్పు, అటు వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది అంది. అందుకని వరసగా చెబుతున్నాను.

ముందు ఆ డబ్బీ సంగతి చెప్పాలి. కలకత్తా రేవులో పనిచేసే మా తమ్ముడు మేనకోడలికని తెచ్చాడు. అరచేతిలో ఇమిడిపోయే గుండ్రటి రేకు డబ్బీ, పైన అద్దం. అద్దం కింద గొడుగు పట్టుకున్న జపాన్ పిల్ల బొమ్మ. పిల్లకి కళ్ళుండాల్సిన చోట రెండు గుంటలు. లోపల మిరియాల కన్నా చిన్నవి రెండు ఉక్కు గుళ్ళు దొర్లుతుంటాయి. డబ్బీని అటూ ఇటూ వంచి ఆ రెండింటినీ రెండు గుంటల్లో పడెయ్యాలి. అప్పుడు పిల్లకి కళ్ళొచ్చినట్టు. ఒకటి పడిందని సంబరపడి రెండోదాని కోసం వంచితే మొదటిది జారిపోతుంది. జపాన్‌లో తయారైందని మా ఇంట్లో దాన్ని జపాన్ ఆట అనేవాళ్ళం.

ఆ వారం కొబ్బరికాయల బండి తోలుకుని టెక్కలి సంతకి అక్కుపల్లి మనిషి ఒకడొచ్చాడు. అతనితో కబురు పెట్టాను. "శనివారం నానొత్తన్నాను. జపాన్ ఆట అట్టుకొత్తన్నానని మావోళ్ళకి సెప్పు బావూ" అన్నాను. "అలగే అప్పా" అని వెళ్ళిపోయాడు. మా వైపు అక్కని అప్ప అంటాం.

శనివారం తెల్లవారుతూనే టెక్కలిలో నౌపడా వెళ్ళే చిన్న రైలుబండి ఎక్కాను. అది నిజంగా చిన్న బండే. పట్టాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఊగుతూ ఊగుతూ పోతుంది. పొద్దుపోక డబ్బీ తీశాను. ఎదుటి బల్ల మీద పొగాకు నములుతున్న ముసలాయన చెయ్యి చాపి తీసుకుని, కాసేపు వంచి వంచి చూసి తిరిగిచ్చేశాడు.

"ఈ బండిలో దీనికి కళ్ళెట్టడం బెమ్మదేవుడి వల్ల కూడా అవదు. ముందు బండిని ఆపమను" అన్నాడు.

"ఇది ఆగిందో నడుత్తందో నీకు తెలుత్తందేటి తాతా?" అంటే పెట్టెలో అందరూ నవ్వారు.

నౌపడాలో దిగి పెద్ద బండి కోసం కూర్చున్నాను. అక్కడ ఉప్పుమళ్ళు ఎండకి తెల్లగా మెరుస్తాయి, కళ్ళు చికిలించుకుని చూడాలి. ఇంట్లోంచి మూట కట్టుకెళ్ళిన ఇడ్లీ తిన్నాను. అటు వెళ్ళేవాళ్ళు మంచినీళ్ళు పట్టుకెళ్ళండి, అక్కడ గాలికే ఉప్పదనం ఉంటుంది. పాసింజరు వచ్చింది. పూండి మీదుగా పలాసలో దింపింది.

పలాసలో అడుగుపెడితే జీడిపిక్కలు కాల్చే పొగ ముక్కుకి తగులుతుంది. అక్కుపల్లి ఉన్న ఉద్దానం అంతా జీడితోటలే, పలాసలో జీడిపప్పు కొని అక్కడికి పట్టుకెళితే ఊరంతా నవ్వుతారు. అందుకని వదిన కోసం మైసూర్‌పాకు కొన్నాను. పక్కనే ఉన్న కాశీబుగ్గలో ఒక హోటల్లో భోజనం చేశాను. పప్పు బాగుంది. చారు వేడినీళ్ళలా ఉంది. మధ్యాహ్నం ఉద్దానం వైపు వెళ్ళే బస్సు ఎక్కితే కాలు మోపడానికి చోటు లేదు.

"ఏటప్పా ఈ జనం?" అని పక్కనున్న చేపలావిడని అడిగాను.

"నీకు తెల్దేటి? ఈ సందేల అక్కుపల్లిలో ఆటంట. కలకత్తా మీంచి జపానోళ్ళు వొత్తన్నారు."

"జపానోళ్ళే! ఏటి సేత్తారు?"

వెనకనుంచి ఒకాయన అందుకున్నాడు. "నోట్లోంచి నిప్పులు కక్కుతారంట. మా బావమరిది సెప్పినాడు."

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పిల్లని చూసినట్టూ ఉంటుంది, ఆట చూసినట్టూ ఉంటుంది అనుకున్నాను. "బేగి పోనీ బావూ, ముందు సోటు దొరకదు" అని డ్రైవర్ని తొందరపెట్టింది కూడా నేనే. డబ్బీ నా ఒడిలో సంచిలోనే ఉంది. నాకు తట్టనే లేదు.

బస్సు దిగాక అక్కుపల్లికి ఇసక దారి. రెండు పక్కలా కొబ్బరిచెట్లు, వాటి కింద జీడిమామిడి. ఎండ నేల మీద పడదు, నడవడానికి హాయిగా ఉంటుంది. బస్సులో జనమంతా నాతోనే నడిచారు. ఊళ్ళోకి వెళ్ళేసరికి మా వియ్యపురాలి వాకిట్లోనే తాటాకు చాపలు పరిచి ఉన్నాయి. మూడు బల్లలు కలిపి ఎత్తుగా వేశారు. ఆడవాళ్ళు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి చోట్లు పట్టేశారు. రేవు నుంచి చేపలవాళ్ళు కూడా వచ్చారు.

మా అల్లుడు అప్పన్న ఉతికిన చొక్కా వేసుకుని ఎదురొచ్చాడు. "అత్తా, ఆటవోళ్ళేరీ? ఎనకొత్తన్నారా?"

"ఏ ఆటవోళ్ళు?"

"నువ్వట్టుకొత్తన్నానన్న జపానోళ్ళు!"

అప్పుడు నాకు వెలిగింది. నేను చెప్పింది చేత్తో ఆడుకునే ఆట. ఆ బండివాడు చేరవేసింది చాపేసుకుని చూసే ఆట. మాట ఒకటే, ఏం చేస్తాం. సంచిలోంచి డబ్బీ తీసి చూపించాను. అప్పన్న దాన్ని చూశాడు, జనాన్ని చూశాడు.

నీలమ్మ వదిన నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది. "వదినా, సుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ సెప్పీసినాం. ఊరిపెద్దొచ్చి కూకున్నాడు. నువ్వు సూత్తే రేకు డబ్బీ అట్టుకొచ్చినావు! రేపట్నించి నీ కూతురు నూతికాడికెల్తే ఏటంతారో తెలుసా? అదిగో జపానోళ్ళమ్మాయి అంతారు. ఈ మొకమెట్టుకునే పిల్లనంపమని అడుగుతావేటి?"

గుమ్మం పక్కన పార్వతి నిలబడి ఉంది. మొహం చిన్నబోయింది. నన్నే చూస్తోంది. ఏడాది తరవాత చూసిన నా పిల్ల మొహం అలా ఉండటం నాకు నచ్చలేదు.

నేను టెక్కలి బజార్లో కూరగాయలు అమ్ముతాను. నా గొంతు గరుకే గాని నాలుగు వీధులు వినిపిస్తుంది. గబగబా వెళ్ళి బల్లలెక్కేశాను.

"కూకోండి, అందరూ కూకోండి! ఆట ఇదే! జపాన్ పిల్ల వొచ్చింది గాని దానికి కళ్ళు నేవు. కళ్ళెట్టీ మొనగాడు ఈ ఉద్దానంలో ఉన్నాడో నేడో సూద్దారని వొచ్చింది. ఆడీది అది కాదు, మీరే!"

"నిప్పులేవీ?" అని బస్సులో ఆయనే అరిచాడు. "ముందు నువ్వు రా, నిప్పులు నీ మొకంలో కనిపిత్తాయి" అన్నాను. ఆయన నవ్వుతూ బల్లెక్కాడు.

డబ్బీలో ఏముందో కిందివాళ్ళకి కనబడదు. కానీ ఆడేవాడి మొహం అందరికీ కనబడుతుంది. అదే మాకు కలిసొచ్చింది. ఆయన కళ్ళు రెండూ ముక్కు దగ్గరకొచ్చాయి, పెదవి ఒక పక్కకి పోయింది, మెడ పీతలా పక్కకి నడిచింది. జనం విరగబడి నవ్వారు. తరవాత ఊరిపెద్ద ఎక్కాడు. ఊపిరి బిగబట్టి బిగబట్టి ఎర్రబడిపోయాడు. తెప్ప మీద అలల్లో నిలబడే చేపలాయన, బల్ల మీద నిలబడలేక కూర్చుండిపోయాడు. మా అల్లుడి వంతు వచ్చేసరికి నాలుక బయటకొచ్చేసింది.

"అప్పన్న బావా, నాలిక నోపలెట్టు, కాకెత్తుకుపోద్ది!" అని ఆడపిల్లలు కేకలు.

ఎవరికీ కళ్ళు పడలేదు. అంతవరకూ గుమ్మంలో మూతి ముడుచుకు నిలబడ్డ నీలమ్మ వదిన కొంగు బిగించి ముందుకొచ్చింది. "ఇలగియ్యండి. మగోళ్ళంతా సేతకానోళ్ళు" అని లాక్కుంది. బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక కన్ను పడింది. "పడింది!" అని నేను అరిచాను. వాకిలంతా ఊపిరి పీల్చడం మానేసింది. రెండో గుండు గుంట అంచు దాకా వచ్చింది. ఎవరో తుమ్మారు. వదిన ఉలిక్కిపడింది, రెండూ జారిపోయాయి.

"ఎవుడ్రా తుమ్మినోడు!" అని ఆవిడ చెయ్యెత్తి లేచేసరికి తుమ్మినవాడు ఊరిపెద్దని తెలిసింది. వదిన అలాగే చెయ్యెత్తి ఉండిపోయింది, ఆ తరవాత పగలబడి నవ్వింది. ఆవిడ అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. పార్వతి కూడా చూడలేదట. పొద్దు గూకేదాకా ఎవరూ ఇళ్ళకి పోలేదు. పోయేటప్పుడు, "వొచ్చీ వారం మళ్ళీ ఉంటాదేటి?" అని వదిననే అడిగారు.

మర్నాడు పొద్దున్న లేచేసరికి వదిన అరుగు మీద కూర్చుని డబ్బీ వంచుతోంది. పక్కన మైసూర్‌పాకు ముక్క. నేను గొంతు సవరించుకున్నాను.

"వదినా, పిల్లని..."

"మాటాడకు. ఒకటి పడింది." ఆ ఒకటీ జారిపోయేదాకా ఆగి, తలెత్తకుండానే అంది: "పది రోజులు. నీ పిల్లనట్టుకుపో. ఈ పిల్ల నాకాడుంటాది. నీ పిల్లొచ్చినాక ఈ పిల్లని ఇత్తాను."

పార్వతి అప్పటికే బట్టలు మూట కట్టేసింది.

అప్పన్న మమ్మల్ని బస్సు దాకా బండిలో దింపాడు. పలాసలో పాసింజరు దొరికింది, నౌపడాలో చిన్న బండి. ఉద్దానం వైపు వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. దారి చల్లగా ఉంటుంది. మనుషులు మాట గట్టిగా అంటారు, నవ్వేటప్పుడు అంతకన్నా గట్టిగా నవ్వుతారు. కబురు మాత్రం విడమరిచి పంపండి.

చిన్న బండి ఊగుతుంటే పార్వతి నా భుజం మీద తల పెట్టుకుంది.

"అమ్మా, అత్త రెండు కళ్ళూ పెట్టీసిందనుకో, మరేటి సేత్తాది?"

"ఏటి సేత్తాది? పొద్దుపోక నిన్ను బేగి రమ్మని కబురెడతాది. పెట్టకూడదని మొక్కుకో."

పిల్ల అక్కడే, బండిలో అందరూ చూస్తుండగా, రెండు చేతులూ జోడించి గట్టిగా కళ్ళు మూసుకుంది.