రంగనాథం ఒంటరిగా పోతాడు

మా రంగనాథం ఒంటరిగా పోతాడు. ఆయన గురించి ఆత్మకూరులో ఎవరినడిగినా మొదట చెప్పే మాట ఇదే. కొందరు నవ్వుతూ చెబుతారు, కొందరు తల దగ్గర వేలు తిప్పి చెబుతారు.

అసలు ఒంటరితనం ఆయన ఒంటికి సరిపడేది కాదు. పెరిగింది ఉమ్మడి కుటుంబంలో. చేసేది పప్పులు, బెల్లం టోకు వ్యాపారం. పొద్దున అంగడి తలుపు తీయాలంటేనే ఇద్దరు కావాలి. ఒకరు తాళం తీయడానికి, ఒకరు తాళంచెవి ఎక్కడ పెట్టాడో ఆయనకు గుర్తుచేయడానికి. భోజనం దగ్గర పక్కన మాట్లాడే మనిషి లేకపోతే ముద్ద దిగదు. అట్లాంటి మనిషి నెలకొకసారి జీపెక్కి, ఉదయగిరి దాటి, సీతారామపురం కూడా దాటి, వెలిగొండల లోయల్లోకి ఒక్కడే పోయేవాడు. రాళ్ళకు ఫోటోలు తీయడానికి!

ఆ జీపు యుద్ధం ముగిశాక మద్రాసులో మిలిటరీవాళ్ళు వేలం వేస్తే కొన్నది. స్టీరింగు ఎడమవైపు. హారను లేదు, దాని అవసరమూ లేదు. ఆయన ఆత్మకూరులో బయలుదేరితే దారిలోని ఎద్దులన్నీ ముందే పొలాల్లోకి దిగి నిలబడేవి. వెనకభాగంలో మిలిటరీ గుడారం, కిరోసిన్ స్టవ్వు, నీళ్ళ డబ్బాలు, ఉప్మారవ్వ, భార్య వసంతకుమారి చేసిచ్చిన మురుకులు. ముందు పక్క సీటు మాత్రం ఎప్పుడూ ఖాళీ.

ఆ సీటు కోసం ఊళ్ళో అడగని మనిషి లేడు. బావమరిది మల్లికార్జున అయితే ప్రతినెలా అడిగేవాడు.

“బావా, ఈసారి నేనూ వస్తా.”

“చోటు లేదబ్బయా.”

“ముందు సీటు ఖాళీగానే ఉండాది కదా?”

“ఖాళీగా ఉండాది కాబట్టే ఒంటరి ప్రయాణం. నువ్వు కూర్చుంటే ఒంటరి ఎట్టవుద్దిరా?”

ఒకసారి సాక్షాత్తు తాసీల్దారుగారే అంగడికి వచ్చి ఉదయగిరి దాకా దింపమన్నారు. రంగనాథం లేచి నిలబడ్డాడు, కుర్చీ వేశాడు, సోడా తెప్పించాడు, చేతులు కట్టుకుని “మన్నించాల సార్, మీరెక్కితే కొండ సరిగ్గా రాదు” అన్నాడు.

“కొండకూ నాకూ ఏం సంబంధమయ్యా?”

“పక్కన మనిషుంటే నా చెయ్యి వణుకుద్ది సార్.”

తాసీల్దారుగారు బస్సులో పోయారు. కలిగిరి దాటాక జీపు ఆ బస్సును దాటి, ఖాళీ సీటును అందరికీ చూపిస్తూ, దుమ్ము కొట్టి ముందుకు పోయిందట.

పోనీ, అంత ఏకాంతంలో తీసిన ఫోటోలు చూస్తే కళ్ళు చెదిరేవా అంటే, చెదిరిన మాట నిజమే. నెల్లూరు స్టూడియోలో కడిగించి అంగట్లో గోడనిండా తగిలించేవాడు. ఒక్కదాంట్లోనూ ఏది కొండో ఏది మబ్బో తేలేది కాదు. కొండాపురం నుంచి వచ్చిన ఒక బేరగాడు చాలాసేపు తేరిపార చూసి, “ఈ రకం బెల్లం ఎంతకిస్తావు శెట్టీ?” అన్నాడు. రంగనాథం ఆ బేరగాడికి ఆ రోజు ఏ రకమూ అమ్మలేదు.

ఇదంతా మేము నవ్వుకుంటూ ఉండగానే, ఒకనాడు వసంతకుమారి మా బట్టల అంగడికి వచ్చింది. మాది వాళ్ళ అంగడికి ఎదురుగానే. కొంగు చాటు నుంచి ఒక పాత గుడ్డసంచి తీసి నా ముందు పెట్టింది.

“అన్నా, ఇదేందో చూడు.”

“వక్కాకు తిత్తి.”

“మీ స్నేహితుడు ఆకు వేస్తాడా?”

“లేదమ్మా. సున్నం తగిలితే నోరు పొక్కుద్దంటాడు.”

“మరి జీపులో ముందు సీటు కింద ఇదెట్టా వచ్చింది? ఇంకోటి చూడు.” కాగితం పొట్లం విప్పింది. అందులో పొడుగాటి తలవెంట్రుక. “ఆ సీటు మీదే దొరికింది.”

వెలుతురులో పెట్టి చూశాను. “ఇది తెల్లగా ఉండాదే?”

“అదే కదన్నా నా ఏడుపు! పడుచుది అయినా ఏదోలే అనుకుందును. నన్ను కాదని ముసల్దాన్నా?”

నాకు నవ్వొచ్చింది గాని ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి మింగేశాను. సీతారామపురం వైపు రంగనాథానికి రెండో కాపురం ఉందని బస్టాండులో అప్పటికే అనుకుంటున్నారట. ఈ మాట అత్తగారి చెవిన పడేలోగా నిజమేదో తేల్చిపెట్టమని బతిమాలింది. లేకపోతే వరికుంటపాడులో పుట్టింటికి పోతానంది. ఊరికే బెదిరింపు కాదు, అప్పటికే పెట్టె సర్దింది.

మరుసటి నెల జీపు కదిలిన రోజే నేనూ బస్సెక్కాను. ఉదయగిరిలో దిగి, సీతారామపురం బస్సు రాత్రికి గాని లేదంటే ఎడ్లబండి మాట్లాడుకున్నాను. జీపు పోయిన దారి అడుక్కుంటూ బండి పోగలిగినంత దూరం పోయాం. ఆ పైన నడక. రెండువైపులా ఎర్రటి రాతిగోడలు, మధ్యలో ఎండిపోయిన వాగు. దాన్నే రోడ్డనుకుని పోయిన జీపు చక్రాల గుర్తులు ఇసకలో కనిపిస్తున్నాయి. ఎండకు రాళ్ళు కాలుతున్నాయి. రెండో కాపురం పెట్టదలచినవాడు ఇంతకంటే నీడపట్టున పెట్టుకోకూడదా అనిపించింది.

వాగు మలుపు తిరిగితే కనిపించారు. జీపు వెనక చక్రాలు ఇసకలో సగానికి దిగబడి ఉన్నాయి. ఒక పక్కన గుడారం వేసే ఉంది. రంగనాథం పంచె ఎగ్గట్టి, ఒళ్ళంతా ఇసకతో జీపును వెనక నుంచి తోస్తున్నాడు. ముందు సీటులో ఒక ముసలమ్మ, కెమెరా ఒళ్ళో పెట్టుకుని, పట్టపురాణిలా కూర్చుని ఉంది.

“ఒరే రంగనాథం!” అన్నాను.

ఆయన ఉలిక్కిపడి, నన్ను చూసి, వెంటనే రొమ్ము విరిచి నిలబడ్డాడు. “ఏంది, నువ్వు ఇట్టా వచ్చినావు? నేను ఒంటరిగా వచ్చినానే!”

“సీట్లో ఎవరు?”

“ఎవరూ లేరు.”

“నేనుండా గదయ్యా” అంది ముసలమ్మ, నేనున్న దిక్కుకు కాకుండా ఎదురుగా ఉన్న బండరాయి దిక్కుకు తిరిగి. అప్పుడు చూశాను. ఆమె రెండు కళ్ళల్లోనూ తెల్లటి పొరలు.

నేను అడగబోయేంతలో కొండమీద నుంచి ఒక గొంతు వినిపించింది. అక్కడి పల్లె పెద్ద వెంగయ్య. గొర్రెల మధ్య నిలబడి కండువా ఊపుతూ అరుస్తున్నాడు. “శెట్టీ! పైన ఎర్రనీళ్ళు కనపడతా ఉండాయి! వాగొస్తా ఉండాది, లేపండి బండి!”

మా నెత్తిన ఎండే. పైకొండల్లో ఎక్కడో కురిసిందన్నమాట. వెంగయ్య పరుగున దిగివచ్చాడు. రంగనాథం గుడారం దిక్కు ఒకసారి చూసి, దాన్ని వదిలేసి, కింద పరిచిన కంబళ్ళు మాత్రం లాక్కొచ్చి చక్రాల కిందకి తోశాడు. తను స్టీరింగు పట్టుకున్నాడు. నేనూ వెంగయ్యా భుజాలు ఆనించి తోశాం.

“పెంచలమ్మా, గట్టిగా పట్టుకో!” అని అరిచాడు రంగనాథం.

“నన్నా, ఈ పెట్టెనా?”

“నిన్ను! పెట్టె పోతే పోనీ!”

పెంచలమ్మ రెండూ వదల్లేదు. జీపు రెండుసార్లు మొరాయించి, మూడోసారికి ఒక్క దూకు దూకి గట్టెక్కింది. మేము బోర్లా పడి, లేచి, పరుగెత్తాం. మేము ఒడ్డెక్కాక బురదనీళ్ళు పొర్లుకుంటూ వచ్చాయి. గుడారం కొయ్యలతో సహా లేచి తేలుకుంటూ మలుపు తిరిగింది. ఆ యాత్రలో నిజంగా ఒంటరిగా పోయింది అదొక్కటే.

ఆయాసం తీరాక తిత్తి తీసి రంగనాథం ముందు పెట్టాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

“దొరికిందా! పోయిన నెల ఎక్కినామెదిరా ఇది. కళ్ళొచ్చినాక మొదట అడిగింది దీన్నే. నేనే కొట్టేసినానని ఊరంతా చెప్తా ఉండాది.”

“మీ ఆవిడ పెట్టె సర్దుకోనుండాది. ముందు జరిగింది చెప్పు.”

అప్పుడు చెప్పాడు. మొదటిసారి నిజంగా ఒంటరిగానే వచ్చాడట. అంగట్లో పొద్దస్తమానం మనుషుల అరుపులు విని విని, ఒక్కరోజైనా ఎవరూ పిలవని చోట కూర్చోవాలనిపించిందట. గుడారం వేసుకుని, ఉప్మా మాడబెట్టుకుని తిని, రాతిగోడ మీద ఎండ ఏటవాలుగా పడే క్షణం కోసం పగలంతా కెమెరా పక్కన కాచుకున్నాడు. ఆ ఎండ పడింది. రాయి బంగారమైంది. నొక్కబోయేంతలో ఒక ముసలాయన గుడారం తాడు తన్నుకుని, మూడుకాళ్ళ స్టాండు మీద పడి, కెమెరాతో సహా దొర్లాడు.

“నాకు ఒళ్ళు మండిపోయిందిరా. కళ్ళు కనపడవా అని అరిచినా. ఆయన దుమ్ము దులుపుకుని, కనపడవు నాయనా అన్నాడు.” రంగనాథం పంచెకంటిన ఇసక దులుపుకున్నాడు. “దానికి ఇంక నేనేం చెప్పేది? జీపెక్కించుకుని నెల్లూరు కంటి డాక్టరు దగ్గరికి తీసకపోయినా. పొర తీసినారు, చూపొచ్చింది. ఆయన వచ్చి పల్లెలో చెప్పినాడు. నెలకొకరు ఎదురు చూస్తా ఉండారు. వెనక కూర్చోబెడితే ఈ కుదుపులకి ప్రాణం పోద్ది. ముందు సీటు ఒకటే గదా నాకుండేది. ఊరు నిద్రపోయినాక ఆత్మకూరు దాటిస్తా.”

“ఈ మాట ఊళ్ళో చెప్పడానికేంరా?”

“పిచ్చోడంటే జనం నవ్వి వదిలేస్తారు. మంచోడని పేరొస్తే పొద్దున్నే తలుపు కొడతారు. చెప్పబాక.”

చెప్పకుండా ఎట్లా? వసంతకుమారికి చెప్పాను. ఆమె సర్దిన పెట్టె విప్పలేదు. అదే పెట్టెతో నెల్లూరు పోయి, ఆసుపత్రి దగ్గర సత్రంలో దిగి, పెంచలమ్మకు వారంపైగా తనే వండిపెట్టింది. మొగుడితో మాత్రం “ఈ మాటేదో ముందే చెప్తే నేను ఏడ్చిన ఏడుపంతా మిగిలేది కదా” అని ప్రతిపూటా అనేది.

కట్టు విప్పి, కళ్ళద్దాలు పెట్టే రోజున నేనూ పోయాను. డాక్టరుగారు అద్దాలు సర్ది, ఏదైనా చూపించమన్నారు. రంగనాథం ఈ క్షణం కోసమే సిద్ధంగా ఉన్నట్టు జేబులోంచి ఫోటో తీసి ఆమె ముందు పెట్టాడు. “మీ లోయే, పెంచలమ్మా! చూడు!”

పెంచలమ్మ చూసింది. దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. “పొర పోలేదు నాయనా. అంతా మసగ్గానే ఉండాది.”

డాక్టరుగారు కంగారుగా ఆమె కళ్ళల్లోకి లైటు వేసి చూశారు. ఆ తర్వాత ఫోటో చేతిలోకి తీసుకున్నారు. తిరగేసి చూశారు. తన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు.

“ఇది తీసిందెవరు?”

“నేనే సార్” అన్నాడు రంగనాథం.

“అమ్మా, నీ కళ్ళు బాగున్నాయి. దీన్ని చూడబాకు, ఆయన్ని చూడు.”

పెంచలమ్మ తల తిప్పి రంగనాథాన్ని ఎగాదిగా చూసింది. “ఇంత పొట్టిగా ఉండావా నాయనా! గొంతు విని ఆరడుగుల మనిషివనుకున్యా” అంది. వసంతకుమారి కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పరుగెత్తింది.

అక్కడితో అయిపోయి ఉంటే నేనింతగా చెప్పేవాణ్ణి కాదు. కొన్నాళ్ళ తర్వాత బట్టల బేరానికి నెల్లూరు పోయి, రంగనాథం జీపు ఆసుపత్రి ముందు కనిపిస్తే లోపలికి తొంగిచూశాను. బల్లమీద వెంగయ్య కూర్చుని ఉన్నాడు. కళ్ళు సగం మూసుకుని, చేతులు గాలిలో తడుముతున్నాడు.

“ఎదురుగా గోడ మీద ఏమైనా కనిపిస్తోందా?” అని అడిగారు డాక్టరుగారు.

“ఏమీ కనపళ్ళేదు సామీ.” వెంగయ్య గట్టిగా నిట్టూర్చాడు. “ఆ బల్లీ కనపళ్ళేదు, దాని మూతికాడ ఉండే చీమా కనపళ్ళేదు.”

డాక్టరుగారు లేచి గోడ దగ్గరికి పోయి, ముక్కు ఆనించినంత పనిచేసి చూశారు. చీమ ఉంది. ఆయన రంగనాథాన్ని ఒకచూపు చూసి, ఇంకొకరిని పిలిచారు.

వరండాలోకి వచ్చాక రంగనాథాన్ని పక్కకు లాగాను. “నిన్ను మోసం చేసినాడురా ముసలాయన.”

“నాకు తెలీదా? కొండమీద నుంచి జీపును చూసి, ముందు చక్రంలో గాలి తగ్గిందని అరిచి చెప్పినాడు. దిగొచ్చి, నాకూ చూపు పోయింది శెట్టీ అన్నాడు.”

“తెలిసి తెలిసి ఇంతదూరం తెచ్చినావా?”

“ఆయన పుట్టి బుద్ధెరిగి నెల్లూరు చూళ్ళేదంట. రైలు చూడాలని ఆశంట. పెద్దాయన నోరు తెరిచి అడగలేక ఈ పని చేసినాడు.” రంగనాథం గొంతు తగ్గించాడు. “కళ్ళు బాగుండేటప్పుడే కదరా చూడాల్సింది?”

మద్రాసు మెయిలు వచ్చే వేళయిందని వెంగయ్య చేయి పట్టుకుని స్టేషను దిక్కుకు నడిపించాడు. వెంగయ్య దారిపొడుగునా తడుముకుంటూనే నడిచాడు. ఆయన్ని చూసి జనం జాలిపడి దారిచ్చారు. రంగనాథం కూడా ఎత్తుపల్లం వచ్చిన చోటల్లా “మెట్టుండాది, నిదానం” అని చెబుతూనే ఉన్నాడు.