పత్తి ప్యాకెట్ మీద నా మొహం

నన్ను చీఫ్ మార్కెటింగ్ ఆఫీసర్ని చేసిన ఏడాదే మా విత్తనాల కంపెనీలో నా మాట చెల్లడం మానేసింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, అదే. అంతకుముందు నాకు ఆ పేరు లేదు. రాయచూరులో ఒక గది, ఒక పాత జీపు, దాని మీద మైకు ఉండేవి. అయినా కొత్త పత్తి రకం బజారులోకి వదలాలంటే మా యజమాని ముందు నన్నే పిలిచేవాడు. గబ్బూరు వాళ్ళేమంటున్నారు, దేవదుర్గలో వానలెట్లా ఉన్నాయి అని అడిగేవాడు. నేను వద్దంటే ఆపేసేవాడు.

నా పద్ధతి ఒకటే. దేవదుర్గ వైపు జాలహళ్ళిలో ఒక పెద్దాయన ఉన్నాడు, వాన మీద ఆధారపడ్డ రైతు. ఏ కొత్త రకమైనా ముందు ఆయన చేలో ఒక పంట వేయించేవాణ్ణి. కాయ పగిలాక చుట్టుపక్కల వాళ్ళను పిలిచి గట్టు మీద చాపలు పరిచేవాళ్ళం. నేను నోరు విప్పేవాణ్ణి కాదు. పెద్దాయనే మాట్లాడేవాడు, బాగా లేకపోతే బాగా లేదనే చెప్పేవాడు. మా విత్తనం అమ్ముడుపోయింది ఆ నోటి వల్లే, నా మైకు వల్ల కాదు.

తర్వాత ఫోన్లలో వచ్చే ప్రకటనల పని చూసుకోవడానికి బెంగళూరు నుంచి ఒకావిడ వచ్చింది. చురుకైన మనిషి, చెడ్డదేం కాదు. ఏ ఊళ్ళో ఎవరు ఏం చూస్తున్నారో తెర మీద చూపించేది. యజమాని కళ్ళు ఆ తెరకే అతుక్కుపోయాయి. ఈసారి కొత్త రకాన్ని పెద్దాయన చేలో వేసి చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది. కంపెనీ పొలంలో కాలువ నీళ్ళ కింద అది బాగానే కాసింది. కానీ నేనొక మొక్క పీకి చూశాను, వేర్లు పైపైనే ఉన్నాయి. వాన తప్పితే దేవదుర్గ వైపు నిలవదని మీటింగులో రెండుసార్లు అన్నాను. అవన్నీ ఆవిడ చూసుకుంటుందిలెండి అని యజమాని నవ్వేశాడు.

ఆ వారమే ఆవిడ నా దగ్గరికొచ్చి, రైతులు మీ మొహం గుర్తుపడతారు, ప్యాకెట్ మీద మీ ఫోటో వేద్దాం అంది. అక్కడ గడ్డి తిన్నాను. పోయిన పరువు తిరిగొచ్చినట్టనిపించింది. వెధవ ఆశ. తలకు రంగేసుకుని మరీ స్టూడియోకెళ్ళి నవ్వాను.

ఈ ఏడు విత్తాక వాన మొహం చాటేసింది. జాలహళ్ళి రమ్మని పెద్దాయన ఫోన్ చేశాడు. మా వైపు గింజ పెట్టాక ఖాళీ ప్యాకెట్టును గట్టు మీద కర్రకు తగిలిస్తారు, ఏ చేలో ఏ రకమో గుర్తుండాలని. ఆ దారి పొడుగునా కర్రకర్రకూ నేనే నవ్వుతున్నాను. వెనక పత్తి మోకాలెత్తు దాటలేదు, పూతంతా రాలిపోయింది. బండి వెనక్కి తిప్పుకుని పారిపోదామనిపించింది.

పెద్దాయన తిట్టలేదు. తిడితే బాగుండేది. చాయ్ తాగినవా అని అడిగాడు. ఈసారి ముందు తన చేలో వేయించలేదేంటా అని అనుమానపడ్డాడట. ప్యాకెట్ మీద నన్ను చూశాక ఆ అనుమానం పోయిందట. ఊళ్ళో అందరికీ తానే చెప్పి కొనిపించాడు.

"ఇది గిట్లయితదని నీకు ముందే ఎర్కనా సార్?"

అబద్ధమాడే శక్తి కూడా లేదు నాకు. "ఎర్కనే. వద్దని వాళ్ళకు రెండుసార్లు చెప్పిన. ఇనలే."

ఆయన చేను మీంచి చూపు తిప్పి నా వైపు చూశాడు.

"వాళ్ళకు జెప్పినవ్. నాకెందుకు జెప్పలే? నా నంబరు నీ తాన లేదా?"

ఉంది. స్టూడియోలో ఆ ఫోటో దిగినప్పుడు కూడా ఫోన్ నా చొక్కా జేబులోనే ఉంది.