అమావాస్య నాడు నడిచిన సాంచా

ఈ పోస్టుకు ఎవరూ డబ్బివ్వడం లేదు. ఇది నా సొంత పేజీ. డబ్బు తీసుకుని సూరత్ గురించి రాసిన వ్యాసం వేరే చోట ఉంది. అందులో చెప్పనిది ఇక్కడ చెబుతున్నాను. లాక్‌డౌన్‌లో నేను పనిచేసే టూరిస్టు ఆఫీసు మూతపడ్డాక మా ఇల్లు గడిచింది స్పాన్సర్డ్ బ్లాగుల మీదే. ఒక ఆన్‌లైన్ వేదికలో పేరు నమోదు చేసుకుంటే ఏదో ఒక కంపెనీ అంశం ఇచ్చేది. ఆరువందల మాటలు రాసి, మధ్యలో వాళ్ల లింకు పెడితే వ్యాసానికి పన్నెండు వందలు. అబద్ధమెందుకు, వెళ్లని ఊళ్ల గురించి కూడా వెళ్లొచ్చినట్టే రాశాను. కరోనా రెండో ఏడు ఆ వేదిక నియమాలన్నీ మార్చేసింది. వ్యాసం పైన ‘ఇది ప్రకటన’ అని రాయాలి, అది న్యాయమే. కానీ ఇక వ్యాసానికింత అని ఇవ్వరట, చివరిదాకా చదివినవాళ్ల లెక్కను బట్టి ఇస్తారట. పైగా రచయిత ఆ చోటికి స్వయంగా వెళ్లి, వాళ్ల యాప్‌లోనే వీడియో తీసి, అదే రోజు సాయంత్రం ఆరులోపు పంపాలి. వీడియో మీద తేదీ, ఊరు పడతాయి. ఒక్కసారి తప్పితే డబ్బిచ్చే రచయితల జాబితాలోంచి పేరు తీసేస్తారు.

కొత్త పద్ధతిలో నాకొచ్చిన మొదటి అంశం ‘సూరత్ చీర పుట్టే చోటు’. ఇచ్చింది ఒక చీరల కంపెనీ. నడుస్తున్న మగ్గం కనిపించాలన్నారు. సూరత్ అనగానే నాకు ధైర్యం వచ్చింది. మాది సిరిసిల్ల, నేత కుటుంబం. అమ్మకు వరుసకు తమ్ముడైన రాజమల్లు మామ నలభై ఏళ్లుగా అక్కడే ఉంటున్నాడు. ఖటోదరా అనే పేటలో ఒక చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని ఎనిమిది సాంచాలు నడుపుతున్నాడు. కరెంటు మగ్గాలను మావైపు సాంచాలంటారు. టికెట్ ఏ రోజుకు దొరికితే ఆ రోజుకు తీసుకున్నాను. స్లీపర్ ఆరువందల లోపే. మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో ఎక్కితే మర్నాడు ఉదయం తొమ్మిదికల్లా సూరత్‌లో దిగొచ్చు. బండిలో వంట లేదు కాబట్టి ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తిని, మాస్కుతోనే పడుకున్నాను. నిద్ర పట్టిందని చెప్పలేను.

స్టేషన్‌లో నుదుటికి యంత్రం పెట్టి జ్వరం చూసి వదిలారు. బయట ముప్పై రూపాయలకు వేడి లోచో తిన్నాను. శనగపిండిని ఆవిరి మీద ఉడికించి, నూనె, కారప్పొడి, సన్న సేవ్ చల్లి ఇస్తారు. సూరత్ వెళ్లినవాళ్లు ఇది తినకుండా రావొద్దు. ఖటోదరాకు ఆటో వంద అడిగితే ఎనభైకి ఒప్పించాను. ఆ డ్రైవరు బిహార్ మనిషి. మొదటి లాక్‌డౌన్ దాకా మగ్గం పనే చేసేవాడట. “పనిచేసే కారీగర్ అందరూ ఊళ్లకు వెళ్లిపోయారు మేడమ్, సగం మందే తిరిగొచ్చారు. మషీన్ ఉంది, మనిషి లేడు” అని హిందీలో చెప్పాడు. ఇంకేం అడగడానికి నాకూ ఓపిక లేకపోయింది.

మామ ఇల్లు షెడ్డు మీదే, ఒక్క గది. సందులోకి తిరగ్గానే పక్క షెడ్లలోంచి చెవులు పగిలే చప్పుడు వస్తోంది. మామ షెడ్డుకు మాత్రం షట్టరు దించి ఉంది. ఆయన తలస్నానం చేసి, తెల్ల బనీనుతో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

“పని లేదా మామా?” అన్నాను.

“ఇయ్యాల అమాస గదా బిడ్డా! సాంచాల ఇంట్ల పుట్టినదానివి, క్యాలెండర్ సూడకుంట బైలెల్లినవా?”

మా నేతవాళ్లు అమావాస్య నాడు మగ్గం ముట్టకూడదు. మా తాత ఆ పూట మగ్గానికి బొట్టు పెట్టి, నెలంతా పడని నిద్ర పడుకునేవాడు. ఇంత తెలిసినదాన్ని, రైలు సీటు ఉందా లేదా అని చూశానే గాని తిథి చూడలేదు. మామకు ఫోన్‌లో కూడా ‘వస్తున్నా’ అన్నానే తప్ప ఎందుకో చెప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు సంగతంతా చెప్పాను.

కిందికి దిగొచ్చిన మామ భార్య సరోజ అత్త నా చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లింది. “ముందుగాల జర తిను. మొకం సూడు, ఎట్ల పీక్కపోయిందో” అని పప్పు, పచ్చిపులుసు పెట్టింది. తిన్నాక పక్క షెడ్లలో ప్రయత్నించాను. ఒకచోట సూపర్‌వైజరు గడపలోనే ఆపి “బాహర్ కా ఆద్మీ మనా హై, కరోనా” అని, బయటివాళ్లు రాకూడదన్నాడు. రెండోచోట చేతిలో ఫోన్ చూసి, డిజైన్లు ఎత్తుకుపోతానేమోనని తలుపు వేసుకున్నారు. మూడింటికి మళ్లీ మామ మెట్ల మీదికే వచ్చి కూలబడ్డాను.

మామ అప్పుడు తన సంగతి చెప్పాడు. నూలు ఇచ్చి గుడ్డ తీసుకెళ్లే వ్యాపారి సేఠ్‌కు మొదటిరోజే చెప్పుకున్నాడట, నెలలో ఒక్క అమావాస్య నాది అని. “లాక్‌డౌన్ల రెండు నెలలు పని లేకపాయె. మీ అత్త ముక్కుపుడక గూడ అమ్ముకున్నం. తెరిచినంక సేఠ్ మాల్ జల్దీ గావాలె, అమాసకు గూడ నడుపు అన్నడు. నడపలే. ఎన్నడు నడపలేదని ఆయనకు ఎరికే. ఊకున్నడు.”

నాలుగున్నర అయింది. నేను గడియారం వంక చూడటం ఆయన చూశాడు.

“పంపకుంటే ఏమైతది?”

“పేరు తీసేస్తరు మామా.”

“ఇంట్ల ఇంకెవ్వరికన్న పనున్నదా?”

లేదన్నట్టు తల ఊపాను. ఆయన లేచి కాళ్లు కడుక్కుని తాళంచెవి తీశాడు. అత్త మెట్ల పైనుంచి అరిచింది. “నలభై ఏండ్ల సంది పెట్టని చెయ్యి ఇయ్యాల పెడ్తవా? ఏంది నీకు?”

“నాకేం గాదు. పిల్ల ఇంత దూరం వచ్చింది. ఒక్క నిమిషమే.”

వద్దు మామా అనే రెండు మాటలు నా నోట్లోంచి రాలేదు. సిగ్గుపడుతూ రాస్తున్నాను, ఫోన్ తీసి వెలుతురు ఎటు బాగుందో చూసుకున్నాను. ఆయన సాంచాకు దండం పెట్టి స్విచ్ నొక్కాడు. తెల్లటి గుడ్డ బిర్రుగా చుట్టుకుంటూ పోయింది. సూరత్ చీర తెల్లగానే పుడుతుంది. రంగులన్నీ తర్వాత ఊరి బయట పల్సానా వైపు మిల్లుల్లో పడతాయి. మొదటి వీడియోను యాప్ తీసుకోలేదు, చీకటిగా ఉందంది. మామ మళ్లీ నడిపాడు. ఐదూ నలభైకి రెండోది వెళ్లింది. “అయ్యిందా బిడ్డా?” అని అడిగి షట్టరు దించాడు. అత్త నాతో మాట్లాడకుండానే దారికి రొట్టెలు కట్టింది. నేరుగా టికెట్ దొరకక ముంబయి మీదుగా తిరిగొచ్చాను. ఆ దారిలో నాలుగైదు గంటలు ఎక్కువ పడుతుంది, ఖర్చు రెట్టింపు.

వ్యాసం వచ్చింది, నా పేరు జాబితాలో నిలిచింది. నెల తిరిగాక చదివినవాళ్ల లెక్కన నాకు ముట్టింది రెండువందల పద్దెనిమిది రూపాయలు. అప్పుడే మామ ఫోన్ చేశాడు. ఎంతొచ్చింది అంటే పన్నెండు వందలన్నాను. “మంచిగైంది” అని, తర్వాత తన సంగతి చెప్పాడు. “సేఠ్ నీ వీడియో సూసిండు బిడ్డా. చీరల కంపెనోళ్లు బజార్లందరికి పంపిన్రట. దాని మీద తారీకు ఉన్నది గదా. అమాసకు నడుపుతవు గదా, మరి నాకెందుకు నడపవు అన్నడు. ఏమంటం? మొన్నటి అమాసకు నడిపినం.” ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

వీడియో తీసెయ్యమని వేదికకు నాలుగుసార్లు రాశాను. డబ్బు తీసుకున్న పోస్టును ఏడాది దాకా తీసెయ్యడం కుదరదని కొత్త నియమంలో ఉందట, నేను చదవనేలేదు. ఆకలికి లొంగని మనిషి నా కోసం లొంగాడు. అది నేను చెప్పకపోయినా ఆయనకు నెలనెలా గుర్తొస్తుంది. ఇప్పటికీ ఎవరైనా ఆ వ్యాసం చివరిదాకా చదివితే నా ఖాతాలో కొన్ని పైసలు పడతాయి. దయచేసి చదవకండి.

సూరత్ వెళ్లే మీకు ఒకే ఒక్క సలహా. మనవాళ్ల మగ్గాలు చూడాలనుకుంటే, టికెట్ కొనేముందు తిథి చూసుకోండి. పొరపాటున అమావాస్య నాడే వెళితే పెట్టింది తిని, ఫోన్ సంచిలోంచి తీయకుండా తిరిగి రండి.