అడ్డుకర్ర ముందు ఆకుపచ్చ జీపు

నేను ఒక్క నట్టు కూడా బిగించలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్లు నన్ను చూడగానే అడిగేది అదే. ఇంజను ఎక్కడ దింపించారు, బాడీ ఎవరు కట్టారు, ఆ హెడ్‌లైట్లు ఎలా దొరికాయి? నాకేం తెలియదండీ, అన్నీ అయిపోయిన బండినే కొన్నాను అంటే వాళ్ల ముఖాలు చిన్నబోతాయి. తుక్కులోంచి ఏరి తెచ్చి, ఏళ్ల తరబడి చేతులకు గ్రీజు పూసుకుంటేనే అది మనదవుతుందట. నేను ఉద్యోగమంతా కొండ ఊళ్లలో నర్సుగా తిరిగాను. తెగిన కాళ్లకు కట్లు కట్టాను, బాలింతల జ్వరాలు చూశాను, గొడ్డలి వేట్లకు కుట్లు వేశాను. రిటైరయ్యాక మరో దాన్ని పట్టుకుని బాగుచేయాలని నాకు లేదు. ఎవరో చక్కగా బాగుచేసి పెట్టిన దానిమీద దర్జాగా కూర్చుని తిరగాలని ఉంది. తిరుగుతున్నాను.

అది మిలిటరీ జీపు. సైన్యం వాడి, వాడి, వేలంలో వదిలేసిన పాత జీపు. విశాఖపట్నంలో ఒక పెద్దాయన ఇంటి వెనక షెడ్డులో దాన్ని కొత్తదానిలా చేసి పెట్టుకున్నాడు. ఆయన మోకాళ్లు అరిగిపోయి క్లచ్చి తొక్కలేకపోతున్నాడు, అందుకే అమ్ముతున్నాడు. నేను వెళ్లేసరికి ఆయన నన్ను చూసి, నా వెనక గేటు వైపు చూశాడు.

"మీ వారు రాలేదామ్మా?"

"లేరండీ. పెళ్లి చేసుకోలేదు."

"మరి డ్రైవరు?"

"నేనే."

ఆయన నవ్వలేదు, అది ఆయన మంచితనం. తాళం చేతిలో పెట్టి వీధి చివరి దాకా నడిపి చూపించమన్నాడు. పాత బండికి గేరు మార్చాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కాలి, లేకపోతే కిర్రుమని పరువు తీస్తుంది. మా ఆసుపత్రి జీపు కూడా అలాంటిదే. డ్రైవరు సెలవు పెట్టిన రోజుల్లో దాన్ని నడిపి నడిపి నాకు ఆ లెక్క కాళ్లలోనే ఉండిపోయింది. గేరు చప్పుడు లేకుండా పడింది. తిరిగి వచ్చేసరికి ఆయన మా ఇద్దరికీ టీ పెట్టించాడు.

అందమైన బండి అది. ముందు అద్దం మడిచి బానెట్టు మీద పడుకోబెట్టవచ్చు. తలుపులు లేవు. పైన కాన్వాసు గుడ్డ, పక్కన బెల్టులతో బిగించిన పార, గొడ్డలి, వెనక పెట్రోలు డబ్బా. మడ్‌గార్డు మీద టోపీ పెట్టుకున్నట్టు ఒక చిన్న దీపం, శత్రువుకు వెలుగు కనపడకుండా. రంగు ఆకుపచ్చ. అచ్చంగా సైన్యం రంగు బయటివాళ్ల బండికి వేయకూడదు, రూలు ఒప్పదు. అందుకని పెద్దాయన బూడిద రంగు కాస్త ఎక్కువ కలిపించాడు. "ఎండలో చూడండి, తేడా తెలుస్తుంది" అన్నాడు. ఆ తేడా రవాణా ఆఫీసులో తెలుస్తుంది. మా కొండ మీద తెలియదు. అది నాకు తెలిసే కొన్నాను.

మా ఊరు గూడెం కొత్తవీధి దాటాక, కాఫీ తోటల మధ్య. నర్సీపట్నం మీదుగా పోతే దగ్గర. అయినా నేను అరకు ఘాటు మీదుగానే వెళ్లాను, ఎవరికి సంజాయిషీ చెప్పాలి? అద్దం దించేశాను. గాలికొండ దగ్గర చలిగాలి నేరుగా ముఖానికి కొట్టింది, కళ్లలో నీళ్లు వచ్చాయి, ఒక పురుగు పళ్లకు తగిలింది. నాకంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. వ్యూ పాయింట్ దగ్గర ఆపితే టూరిస్టులు చుట్టూ మూగారు. షూటింగ్ ఎక్కడ జరుగుతోందని ఒకావిడ అడిగింది. గంటకు అద్దె ఎంతని ఒక కుర్రాడు అడిగాడు. "దీని ఓనర్ ఎక్కడున్నారు ఆంటీ?" అని ఇంకొకడు అడిగితే సీటెక్కి స్టార్ట్ చేసి చూపించాను.

మా ఊరి మలుపు తిరిగేదాకానే ఆ సంతోషం.

ఈ కాలంలో జీపు వస్తే ఎవరూ పరుగెత్తరు. ఎవరూ అడవిలోకి పోరు. కానీ ఆ ఇంజను చప్పుడు ముందుగా ఊళ్లోకి వెళ్లింది. నేను వెళ్లేసరికి కుళాయి దగ్గర బిందెలున్నాయి, మనుషులు లేరు. తలుపులు వేసి ఉన్నాయి. పడుచువాళ్లు మాత్రం ఫోన్లు పట్టుకుని బయటికి వచ్చారు. మా చిన్నమ్మ తలుపు పూర్తిగా తెరుచుకోలేదు.

చిన్నమ్మ మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. తలుపు సందులోంచి బండిని చూసింది, నన్ను చూసింది.

"ఏటే గుంటా, ఏటి తెచ్చినావే ఊర్లోకి?"

"జీపు, సిన్నమ్మా. కొనుక్కున్నాను."

"మతి పోనాదేటి నీకు? లోకంలో ఇంకే బండీ దొరకలేదేటి? అది ఊర్లో ఉన్నన్నాళ్లూ నాను నీ గుమ్మం తొక్కను. నీ సేతి నీళ్లు తాగను."

తలుపు వేసేసింది.

ఆవిడ కోపానికి కారణం ఊరందరికీ తెలుసు. నా చిన్నప్పుడు అడవిలోంచి ఎవరో వచ్చి అన్నం అడిగారు. ఎందుకు పెట్టారని ఇంకెవరో జీపులో వచ్చి అడిగారు. ఆ జీపువాళ్లు మా చిన్నాన్నను, అంటే చిన్నమ్మ భర్తను, ఎక్కించుకుని పోయారు. జీపు ఇదే రంగు. కొన్నాళ్లకు వదిలేస్తే ఆయన నడిచి తిరిగొచ్చాడు. ఏం జరిగిందో చెప్పలేదు. అప్పటినుంచి వేటకు మాత్రం వెళ్లలేదు.

మా కొండల్లో వేటకు వెళ్లకపోవడమంటే ఇటికెల పండగకు దూరమైపోవడం. ఆ పండక్కి మగవాళ్లంతా అడవికి వెళతారు. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి, నోటికొచ్చినట్టు ఆటపట్టిస్తారు. మగవాళ్లు అడవిలో ఉన్నప్పుడు ఆడవాళ్లు దారికి వెదురు కర్ర అడ్డం పెడతారు. వచ్చిన బండి ఎవరిదైనా ఆగాల్సిందే. ఏదో ఒకటి ఇచ్చి, దిగి వాళ్లతో నాలుగడుగులు థింసా ఆడి పోవాల్సిందే. లారీ అయినా ఆగుతుంది, ఆఫీసరు కారయినా ఆగుతుంది. చిన్నాన్న మాత్రం పండగ రోజుల్లో అరుగు మీద ఒక్కడే కూర్చునేవాడు. ఆయన మీద ఎవరూ పేడనీళ్లు చల్లలేదు. పాపం అని వదిలేశారు. ఆయన్ని తీసుకెళ్లిన రోజుకన్నా ఆ వదిలేయడమే ఎక్కువ బాధపెట్టిందని నేను అనుకుంటాను. ఆయన పోయేదాకా అలాగే వదిలేశారు.

మరి అన్నీ తెలిసి ఆ జీపే ఎందుకు కొన్నావంటే, నిజం చెబుతాను. చిన్నప్పుడు ఆ చప్పుడు వినగానే అందరం కాఫీ మొక్కల్లోకి పరుగెత్తేవాళ్లం. అందరూ నేలకు ముఖం పెట్టేవాళ్లు. నేను ఆకులు తొలగించి చూసేదాన్ని. భయంతో నా పళ్లు టకటకలాడేవి, అయినా చూసేదాన్ని. ఆ చక్రాలు రాళ్లను ఎలా ఎక్కుతున్నాయో, ఆ మడిచిన అద్దం ఎలా మెరుస్తోందో చూసేదాన్ని. అంత బాగున్న వస్తువు వాళ్లదే ఎందుకు కావాలి? ఆ బండిలో మేం చేతులు కట్టించుకుని వెనకే ఎందుకు కూర్చోవాలి, ముందు ఎందుకు కూర్చోకూడదు? ఆ కోపం నాతో పాటే పెరిగింది. అది తప్పని ఎవరైనా అంటే అననివ్వండి.

బండిని కాఫీ గింజలు ఆరబెట్టే కళ్లం దగ్గర ఉంచాను. చిన్నమ్మ ఆ దారి మానేసి చుట్టూ తిరిగి తోటకు వెళ్లడం మొదలుపెట్టింది. నా చేత్తో ఏది పంపినా అలాగే తిరిగి వచ్చేది. ఆవిడ కొడుకు, నాకు తమ్ముడు, మధ్యలో నలిగిపోయాడు. చివరికి అతనే అరకులో ఒక రిసార్టు వాణ్ని వెతికి పట్టుకొచ్చాడు. గేటు ముందు దిమ్మె కట్టి దానిమీద ఈ జీపును నిలబెడతాడట, వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుంటారట.

"పండగెల్లాక ఇచ్చీ అక్కా. నీ పంతం కోసం మాయమ్మ ఎండలో అంత దూరం తిరుగుతన్నాది" అన్నాడు.

బండిని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు, చిన్నమ్మను పోగొట్టుకోవడం అంతకన్నా లేదు. సరే అన్నాను. అన్నానే గాని లోపల ఒప్పుకోలేదు. దిమ్మె మీద పెట్టే బండి కాదు అది. కొండలెక్కే బండి.

పండగ వచ్చింది. మగవాళ్లు అడవికి వెళ్లారు. ఆ రోజు పొద్దున్న నేను కొత్తవీధికి వెళ్లి పెట్రోలు పోయించుకుని వస్తున్నాను. ఎలాగూ పోయే బండి, పండగపూట ఒకసారి ఊరి దారిలో నడపాలనిపించింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి పాట వినిపించింది. మా ఊరి ఆడవాళ్లంతా దారికి వెదురు కర్ర పట్టుకుని నిలబడ్డారు. చిన్నమ్మ మధ్యలో ఉంది, పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆవిడే. పక్కన సాయంత్రం మగవాళ్ల కోసం కలిపి పెట్టిన పేడనీళ్ల బకెట్టు ఉంది. నేను పర్సులో చెయ్యి పెట్టి, నవ్వుతూ, ఆపడానికి సిద్ధమయ్యాను.

పాట ఆగిపోయింది. కర్ర పైకి లేచింది. ఆడవాళ్లు రెండు పక్కలకీ తప్పుకుని తలలు దించుకున్నారు.

ఎవరూ చెప్పలేదు వాళ్లకు. చేతులు వాటంతటవే ఎత్తేశాయి. లారీని ఆపినవాళ్లు, ఆఫీసరు కారును ఆపినవాళ్లు, ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆపనిది ఆకుపచ్చ జీపు ఒక్కటే. అది వస్తే కర్ర ఎత్తేయాలి, నేల చూడాలి. స్టీరింగు వెనక ఉన్నది నేనేనని వాళ్లందరికీ తెలుసు. వాళ్లలో సగం మంది పిల్లలు నా చేతుల్లో పుట్టారు. అయినా ఎత్తేశారు.

చిన్నాన్న అరుగు మీద ఎలా కూర్చునేవాడో నాకు అప్పుడు అర్థమైంది. ఏడుపు వచ్చింది, దాని వెనకే ఒళ్లు మండిపోయింది.

"దించండే కర్ర!" అని అరిచాను. "నన్ను ఆపరేటే? నాను ఈ ఊరి గుంటని కానేటి?"

ఎవరూ కదల్లేదు. చిన్నమ్మ కూడా తల ఎత్తలేదు. సరే, వాళ్లు ఎత్తినంత మాత్రాన నేను దాటాలని ఎక్కడుంది? రివర్సు గేరు వేశాను. మలుపు వెనక్కి, వాళ్లకు కనపడనంత దూరం వెళ్లాను. హారన్ మీద చెయ్యి తీయకుండా మళ్లీ వచ్చాను. కర్ర ఇంకా పైనే ఉంది. మళ్లీ వెనక్కి వెళ్లాను. పొద్దుపోయేదాకా ఇలాగే తిరుగుతాను, పెట్రోలు అయిపోతే తోసుకుంటూ వస్తాను, దాటను గాక దాటను అనుకున్నాను.

ఈసారి మలుపు తిరిగేసరికి దారి మధ్యలో చిన్నమ్మ ఒక్కతే నిలబడి ఉంది. వెదురు కర్ర రెండు చేతులతో అడ్డంగా పట్టుకుంది. బంపరు కర్రకు తాకేదాకా వచ్చి ఆపాను. ఆవిడ వెనక్కి అడుగు వేయలేదు.

"ఆ సప్పుడాపు" అంది.

స్విచ్చి తిప్పాను. ఇంజను ఆగింది. ఆవిడ మాట మీద ఆ చప్పుడు ఆగింది. ఆవిడ వెనక్కి తిరిగి ఆడవాళ్ల మీద అరిచింది.

"సూత్తన్నారేటే? పట్టుకోండే కర్ర! ఇన్నేళ్లూ వట్టినే ఎలిపోనాది. ఇయ్యాల ఎలా ఎల్తాదో సూద్దుం!"

అందరూ వచ్చి కర్ర పట్టుకున్నారు. చిన్నమ్మ బండి చుట్టూ తిరిగింది. వెనక సీటు దగ్గర ఆగి, అక్కడ చెయ్యి పెట్టి చూసింది. నా దగ్గరికి వచ్చింది.

"ఏటి తెచ్చినావు అడవి నుంచి?"

"ఏటీ లేదు, సిన్నమ్మా."

"ఉత్త సేతుల్తో వచ్చినావేటి?"

ఆవిడ వంగి బకెట్టు ఎత్తింది. పెద్దాయన అన్నేళ్లు అద్దంలా తోమి పెట్టుకున్న బానెట్టు మీద, టోపీ పెట్టుకున్న దీపం మీద, నా చీర మీద పేడనీళ్లు పడ్డాయి. ఆడవాళ్ల నవ్వు కొండకు వినపడి ఉంటుంది. నేను ఏడుస్తూ నవ్వుతూ దిగాను. చిన్నమ్మ నా నడుం చుట్టూ చెయ్యి వేసి వరసలో నిలబెట్టింది. అడుగు తప్పితే తిట్టింది.

అన్న మాట ప్రకారం రిసార్టు అతను వచ్చాడు. బానెట్టు మీద ఎండిన పేడ చూసి ముఖం చిట్లించాడు. తమ్ముడు నీళ్లు తెస్తానని పరుగెత్తబోయాడు. చిన్నమ్మ కళ్లంలో కాఫీ గింజలు తిరగేస్తోంది, జీపుకు నాలుగడుగుల దూరంలో. ఆవిడ ఇప్పటికీ దాన్ని ఎక్కలేదు. ఎక్కమని నేను అడగను.

"అమ్మం బాబూ, ఎల్లిపో" అంది తల ఎత్తకుండానే. "వచ్చే ఏడు పండక్కి దాన్ని మళ్లీ ఆపాల మేము."