శ్రీకాకుళంలో కుట్టిన చెవులు

నా మేనకోడలికి మేనమామ ఒడిలో చెవులు కుట్టాలి. ముహూర్తం మధ్యాహ్నం ఒంటిగంటకి. హైదరాబాద్ నుంచి విశాఖకి ఫ్లైట్ గంటా పావేనని ఫోన్‌లో చూసి, ఆ ఉదయమే బయల్దేరాను. అక్కడి నుంచి అక్కావాళ్ల నరసన్నపేటకి రోడ్డు ప్రయాణం లెక్కేసుకోనే లేదు! భోగాపురం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని క్యాబ్ డ్రైవర్ మీద అరుస్తుంటే బావ ఫోన్ చేశాడు.

"ఇమానం దిగితే ఊరొచ్చేసినట్టేటి బావా? అరవకు. శ్రీకాకుళం దాకా రా. పాపనీ, కంసాలినీ ఎట్టుకుని మేమొస్తన్నాం."

శ్రీకాకుళంలో ఒక టిఫిన్ హోటల్ బల్ల మీద కూర్చుని పాపని ఒడిలోకి తీసుకున్నాను. ముహూర్తం దాటకుండానే పాప కెవ్వుమంది. హోటలాయన పరిగెత్తుకొచ్చి దాని నోట్లో చక్కెర వేశాడు.

అక్క నవ్వింది. "రెండోది పుడితే, దాని సెవులకి భోగాపురంలో కడతన్న కొత్త ఎయిర్‌పోర్టులో దిగుదువులేరా."

దిగుతాను, కానీ ముందురోజే. శ్రీకాకుళం దాకా ఎదురొచ్చి నా ఒడి నాకు దక్కించినవాళ్లకి ఆ మాత్రం చెయ్యొద్దూ!