పైడక్క ఫోన్‌లో ఎక్కాలు

నిన్న పొద్దున్న పదకొండు దాటాక పైడక్కకి ఫోన్ చేశాను. ఈరోజు పొలం ఫోటోలు ఇంకా రాలేదేంటక్కా అని అడగడానికి.

ఎత్తింది ఎవరో మగమనిషి.

"అమ్మా, ఈ ఫోనామె సీపురుపల్లి రోడ్డు మీద బండి జారి పడిపోనాది. ఊపిరి నేదమ్మా. నువ్వేటవుతావు?"

కలిసి పనిచేస్తామన్నాను.

అది నా రెండో కాల్. మొదటిది ఎవరూ ఎత్తలేదు.

ఆ మొదటిది మోగినప్పుడు అక్క బండి మీద ఉందా, అప్పటికే కింద ఉందా? నిన్నట్నుంచి కాల్ లిస్ట్‌లో ఆ టైమ్ తీసి చూస్తూనే ఉన్నాను.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను. మేం పనిచేసేది రాజాంలో ఒక విత్తనాల కంపెనీలో. అక్క ఊళ్ళు తిరిగి రోజూ పొలాల ఫోటోలు పంపే ఫీల్డ్ స్టాఫ్. నేను ఆఫీసులో కంప్యూటర్ ముందు. ఎవరి సొంత ఫోన్ వాళ్ళే పనికి వాడాలని రూల్ వచ్చినప్పుడు అందరి ఫోన్లలో ఆఫీస్ యాప్ వేసింది నేనే.

ఆ రోజు అక్క మాటకి ఆఫీసంతా నవ్వింది.

"ఒసే, ఫోన్ నాది. మీ ఆఫీసొచ్చి ఇందులో అద్దెకుంటాదా? మరి నాను పొమ్మంటే పోతాదా?"

పోతుందిలే అక్కా అన్నాను.

కండిషన్ల పేజీ వచ్చింది. "అదంతా నానేటి సదువుతాను, నువ్వే నొక్కీయే" అని ఫోన్ నా చేతిలో పెట్టేసింది. అగ్రీ అని నొక్కాను.

ఆఫీసు అనుకుంటే దూరం నుంచే ఫోన్ మొత్తం తుడిచెయ్యగలదని అందులో ఉంది.

నేను చదివాను. చెప్పలేదు.

అక్కకి మూడో క్లాసు చదివే పాప. అక్క రోజంతా పొలాల్లోనే ఉండేది కాబట్టి గట్టు మీద కూర్చుని ఎక్కాలు ఫోన్‌లో రికార్డు చేసేది. ఒకసారి నాకూ వినిపించింది. వెనక నీళ్ళ మోటార్ చప్పుడు. మధ్యలో ఎవరో రైతు పిలిస్తే, "ఓ మావా, ఆగహే, పన్నెండో ఎక్కంలో ఉన్నాను" అని కసురు. సాయంత్రం ఇంటికి రాగానే పాప ఆ కసురుతో సహా వల్లించేదట.

పన్నెండు దాకా అయ్యాయి.

అవి ఆ ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. అందులోంచి ఏదీ బయటకి పంపకుండా లాక్ పెట్టింది కూడా నేనే.

నిన్న సాయంత్రం అక్కని సాగనంపి వచ్చిన గంటకి మేనేజర్ మెసేజ్. "ఆ ఫోన్‌లో రైతుల వివరాలున్నాయి. రేపు పదిలోపు పూర్తిగా వైప్ చేసి చెప్పు."

నా స్క్రీన్ మీద రెండు బటన్లు, పక్కపక్కనే. ఒకటి ఆఫీస్ యాప్‌నీ, రైతుల వివరాల్నీ మాత్రమే తీసేస్తుంది. లాక్ కూడా పోతుంది.

రెండోది ఏదీ మిగల్చదు.

విశాఖ పోదామని రెండేళ్ళుగా రెజ్యూమెలు పంపుతున్నాను. ఎక్కడా దొరకలేదు. ఈ ఉద్యోగం పోతే నాకు వేరేది లేదు.

ఈరోజు తొమ్మిదిన్నరకి మొదటి బటన్ నొక్కాను. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. నొక్కింది ఏదో నాకే అనుమానం వచ్చేసింది.

అక్క నంబర్‌కే ఫోన్ చేశాను. పాప ఎత్తింది.

"అమ్మా, ఎక్కాలు ఉన్నాయో లేదో ఒకసారి చూడు."

ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకోవడం వినిపించింది.

"ఉన్నాయి పిన్నీ. పదమూడే నేదు."

ఆఫీసువాళ్ళూ ఇది చూస్తారు. చూడండి. రైతుల వివరాలు తీసేశాను. మిగతావి తుడవలేదు, తుడవను. ఆ యాప్ నా ఫోన్‌లోనూ ఉంది, ఇది రాస్తున్నది ఈ ఫోన్‌లోనే. వాళ్ళు దీన్నీ తుడిచేలోపే పోస్ట్ చేస్తున్నాను.

అక్కా, నీ ఫోన్‌లో అద్దెకున్నోళ్ళు ఖాళీ చేశారు.

ఫోటోలు పంపలేదని అడిగేవాళ్ళు లేరు. ఏ ఫోనూ మోగని చోట నెమ్మదిగా పడుకో.