కామారెడ్డిలో పరదేశం

మస్కట్ ఆసుపత్రిలో ఉద్యోగానికి నన్ను ఎంపిక చేశారని ఫోన్ వచ్చినప్పుడు, నేను ఒక పసిబిడ్డను అంబులెన్సు ఎక్కించి అప్పుడే లోపలికి వస్తున్నాను. కామారెడ్డిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో నర్సును నేను. నెలలు నిండకుండా పుట్టి, ఊపిరి అందని బిడ్డలకు మా దగ్గర చేయగలిగింది కొంతే. వెచ్చగా ఉంచుతాం, ఆక్సిజన్ పెడతాం, హైదరాబాదు పంపిస్తాం. బిడ్డ వెంట వెళ్ళే అమ్మమ్మో నాయనమ్మో అంబులెన్సు తలుపు వేసేముందు నా ముఖంలోకి చూస్తుంది. ఆ బిడ్డ బతికిందో లేదో చాలాసార్లు మాకు తెలిసేది కూడా కాదు.

మస్కట్‌లో అలాంటి బిడ్డలను అక్కడే ఉంచి చూస్తారు. ఆ పని పక్కన నిలబడి నేర్పిస్తారు. నేను ఇంటర్వ్యూకు వెళ్ళింది అందుకే. ఇంట్లో చెప్పే వెళ్ళాను. కాకపోతే వస్తుందని ఎవరమూ అనుకోలేదు.

మా ఇల్లు ఎల్లారెడ్డిలో. మా ఆయన, బడికి వెళ్ళే మా పాప, నేను. రోజూ బస్సులో లింగంపేట మీదుగా కామారెడ్డి వెళ్ళి వచ్చేదాన్ని. మా ఆయనకు బస్టాండుకు కొంచెం అవతల బోరు మోటార్ల వైండింగ్ దుకాణం ఉంది. ఆ సాయంత్రం బస్సు దిగి నేరుగా దుకాణానికి వెళ్ళాను. కాలిపోయిన మోటారులోంచి నల్లబడిన రాగి తీగ లాగుతున్నాడు. విషయం చెప్పాను. తల ఎత్తకుండానే అడిగాడు.

"ముగ్గురికా, నీ ఒక్కదానికా?"

"ముందు నేనొక్కదాన్నే పోవాలట. ఒక ఏడాది ఐనంక మిమ్మల్ని పిలిపించుకోవచ్చట."

పటకారు కింద పెట్టాడు. "ఐతే వద్దు" అన్నాడు.

ఆ 'వద్దు' ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మా ఆయన పాకే వయసులో ఉన్నప్పుడు వాళ్ళ నాన్న గల్ఫ్‌కు వెళ్ళాడు. రెండేళ్ళకోసారి వచ్చి, ఒక నెల ఉండి, మళ్ళీ వెళ్ళేవాడు. అలా ఒకసారి వచ్చినప్పుడు మా ఆయన వాళ్ళమ్మ కొంగు పట్టుకుని, "అమ్మా, ఈ మామ ఎప్పుడు పోతడే?" అని అడిగాడట. ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా ఎవరో ఒకరు ఆ మాట చెప్పి నవ్వేవారు. మా ఆయన నవ్వగా నేను చూడలేదు.

"నువ్వు నేర్చుకునుడు వద్దంటలేను" అన్నాడు ఇంటికి నడుస్తూ. "ముగ్గురం పోయేదుంటే చెప్పు, మాట్లాడుదాం. ఒక్కరు పోయి, ఇద్దరు ఈడ ఫోన్ల చూసుకుంట ఉండుడు మాత్రం నాతోటి కాదు."

మరునాడు, ఇంటర్వ్యూకు పంపిన ఏజెంటుకు ఫోన్ చేశాను. "కుటుంబంతోటి రానిస్తె వస్త. లేకుంటే రాను. గదే మాట వాళ్ళకు చెప్పండి."

ఆయన నవ్వాడు. "మేడం, అందరు ఒంటరిగనే పోతరు. ముందు మీరు పోయి కుదురుకోండ్రి. తర్వాత సంగతి తర్వాత."

"అందరి సంగతి నాకెందుకన్నా? నా మాట మీరు చెప్పండి."

అడిగి చూస్తానన్నాడు. జవాబు రావడానికి సమయం పడుతుందన్నాడు. ఆ మధ్యలోనే మా ఇంట్లో ఇంకొక ప్రశ్న లేచింది.

"సరే, వాళ్ళు ఒప్పుకున్నరనుకో. నేను ఆడ ఏం చెయ్యాలె?" అన్నాడు మా ఆయన ఒక ఆదివారం. భార్య ఉద్యోగం మీద వెళ్ళే భర్తకు వెళ్ళగానే పని చేసే హక్కు ఉండదు. "ఇంట్ల కూసోవాలె, గంతేనా?"

"కూసోగల్గుతవా?"

"ఏమో. ఎన్నడు కూసోలే."

నిజంగానే అతనికి తెలియదు. నాకూ తెలియదు. తెలియనిదాన్ని పట్టుకుని విమానం ఎక్కడం ఎలా? అందుకే నేనన్నాను, "చూద్దాం మరి. పాపకు ఎండకాలం సెలవులు ఇచ్చినంక కామారెడ్డిల ఇల్లు కిరాయికి తీసుకుందాం. మన చుట్టాలు లేని గల్లీల. నేను డ్యూటీకి పోత. నువ్వు దుకాణం బందువెట్టి ఇల్లు, పాపను చూసుకో. ఒక నెల. మధ్యల ఎల్లారెడ్డికి వచ్చుడు లేదు. మస్కట్ నుంచి బస్సెక్కి రాలేం గద!"

పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. తరువాత నెమ్మదిగా, "ఇది మంచిగనే ఉన్నది" అన్నాడు.

మా అత్తమ్మకు చెబితే ముందు పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమెకు రెండు బర్రెలున్నాయి. పాలు పోసే ఇళ్ళు కాలనీ నిండా ఉన్నాయి. మాతో రమ్మంటే, "నా బర్ల మొఖం ఎవలు చూస్తరు?" అంది. ఆ తరువాత నవ్వు ఆపి కొడుకును అడిగింది.

"ఎవలన్న అడిగితె ఏమని చెప్పాలెరా? దుకాణం బందువెట్టి పెండ్లాం ఎన్క పోయిండని చెప్పాల్నా?"

"అట్లనే చెప్పు."

"చెప్త తియ్యి. నేను సిగ్గువడేటియి అన్ని ఎప్పుడో అయిపోయినయ్."

రైల్వే గేటు దగ్గర ఒక మేడ మీద రెండు గదులు దొరికాయి. కింద ఇంటి యజమానులు, ఒక పెద్ద వయసు జంట. మొదట్లో అంతా పండగలాగే ఉంది. మా ఆయన టమాటా పప్పు మాడ్చాడు, మరునాడు మాడ్చలేదు. ఎండ తగ్గాక పాపను స్టేషనుకు తీసుకెళ్ళి రైళ్ళు చూపించేవాడు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇద్దరూ మెట్ల మీద కూర్చుని మామిడికాయ ముక్కలు ఉప్పు కారం అద్దుకుని తింటూ ఉండేవారు. పెళ్ళయ్యాక నేను ఇంటికి వచ్చి వండకుండా తిన్న రోజులు అవే.

తరువాత అతని చేతులు ఊరుకోలేదు. ఇంటివాళ్ళ కూలర్ బాగుచేశాడు. పక్కింటివాళ్ళ మిక్సీ, ఎదురింటివాళ్ళ పాత ఫ్యాను కూడా అయిపోయాయి. గల్లీలో చెడిపోయిన వస్తువు మిగలకుండా పోయాక ఊరికే కిటికీ దగ్గర నిలబడటం మొదలుపెట్టాడు.

ఒకరోజు ఇంటి యజమానురాలు మెట్ల మీద నన్ను ఆపింది. "మీ ఆయన ఏం పని చేస్తడు బిడ్డా?"

"ఇంట్ల ఉంటడు పెద్దమ్మా" అన్నాను. మస్కట్‌లో అయితే అదే జవాబు చెప్పాలి కదా అని కావాలనే అన్నాను.

పైన గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. మరునాడు గడ్డం గీసుకోలేదు. పాప నీళ్ళ గ్లాసు దొర్లిస్తే గట్టిగా అరిచాడు. పాప బిత్తరపోయి నా వెనక్కి వచ్చింది. చారులో ఉప్పు తక్కువైందని నేను అన్న చిన్న మాటకు పళ్ళెం నెట్టి లేచాడు.

"పోదాం పా ఎల్లారెడ్డికి. ఐపోయింది మన మస్కట్" అన్నాడు.

"నెల ఐపోలే" అన్నాను. నాకూ కోపంగానే ఉంది. "ఆడ గూడ గిట్లనే అనిపిస్తది. అప్పుడేం చేస్తవో ఇప్పుడు గదే చెయ్యి."

ఆ మర్నాడు, పిలవకుండానే మా అత్తమ్మ వచ్చింది. చేతిలో పాల క్యాను. "మస్కట్‌కు బస్సుల వచ్చిన" అంది మెట్లెక్కుతూనే. నియమం తప్పిందని పాప అంటే, "నియమం మీకు, నాకు గాదు" అని కొట్టిపారేసింది.

కొడుకు బట్టలు ఉతుకుతున్నాడు. ఆమె గడప మీద కూర్చుని అతన్నే చూసింది. గడ్డం చూసింది, ముఖం చూసింది. ఏమైందని అడగలేదు. తనే మొదలుపెట్టింది.

"మీ బాపు ఆడ వంట చేసేటోడట, ఎరుకేనా? గదిల ఉన్నోళ్ళందరికి ఆయనే వండేటోడట. చాపల పులుసు చేస్తె పక్క గదోళ్ళు గూడ గిన్నెలు వట్టుకొని వచ్చేటోళ్ళట. ఈడికి వచ్చినప్పుడు ఒక్కనాడు పొయ్యి దిక్కు రాలే. నేను గూడ రానియ్యలే, సుట్టం లెక్క వచ్చిండు గద అని. ఆయన సచ్చిపోయినంక, ఆయనతోటి పనిచేసినాయన మద్నూర్ నుంచి మనింటికి వచ్చి చెప్పిండు. నా మొగడు చాపల పులుసు మంచిగ చేస్తడని పరాయోళ్ళు చెప్తె తెలుసుకున్న నేను."

మా ఆయన నీళ్ళు కారుతున్న చొక్కా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నువ్వు వండితె నీ పెండ్లాం, నీ బిడ్డ తింటున్నరు. సిగ్గెందుకురా?" అంది. పాలు గిన్నెలోకి ఒంపి, మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది. బర్రెలకు నీళ్ళు పెట్టాలట.

ఆ మాటలతో అంతా చక్కబడిందని చెప్పలేను. గడ్డం మాత్రం గీసుకున్నాడు. పాపను దగ్గరికి పిలిచి, అరిచినందుకు తన మీద తనకే కోపం వచ్చిందని చెప్పాడు.

నెల చివరికి వస్తుండగా లింగంపేట దగ్గర తండా నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. మోటారు కాలిపోయింది, చెరుకు ఎండిపోతోంది. "అన్నా, నువ్వు తప్ప ఎవరు పట్టుకున్నా నిలుస్తలేదే ఆ మోటరు" అంటున్నాడు. ఆ గొంతు నాకూ వినిపిస్తోంది. వెళ్ళమని నా నోటిదాకా వచ్చింది. ఎండిపోతున్న చెరుకు ముందు మా నియమం ఎంత? కానీ మా ఆయనే చెయ్యి అడ్డంపెట్టి నన్ను ఆపాడు. ఎల్లారెడ్డిలో ఉన్న ఇంకొక మెకానిక్‌కు ఫోన్ చేశాడు. ఇద్దరికీ పోటీ ఉంది, పెద్దగా మాటల్లేవు. అయినా అడిగాడు. ఆయన మోటారు విప్పుతుంటే మా ఆయన వీడియో కాల్‌లో చూస్తూ, ఏ చుట్టు ఎక్కడ వదులవుతుందో చెబుతూ మేడ మీద ఎండలో గొంతుక్కూర్చున్నాడు. మరునాడు మధ్యాహ్నానికి బోరు నీళ్ళు పోసింది. రైతు ఆ నీళ్ళ ఫోటో పంపాడు.

ఫోన్ నాకు చూపించి అన్నాడు, "నేను లేకున్నా నడిచింది."

"బాధయిందా?"

"అయింది. ఒక దిక్కు పానం నిమ్మళంగ గూడ అయింది." ఫోన్ జేబులో పెట్టుకుని చెప్పాడు. "నేను ఉత్తగ కూసునేటోన్ని కాదని తెల్సిపోయింది. ఆడ గూడ కూసోను, పని వెతుక్కుంట. దొరికేదాక ఇల్లు నడిపిస్త. గని ఒక్క మాట. వచ్చేటప్పుడు గూడ ముగ్గురమే రావాలె. నన్నో పాపనో ముందు పంపుడు లేదు."

"లేదు" అన్నాను.

మేము అంత గట్టిగా నిర్ణయించుకున్నాక మస్కట్ వాళ్ళ జవాబు వచ్చింది. కుదరదన్నారు. మొదట ఒంటరిగానే రావాలట. ఏజెంటు గొంతు కూడా మెత్తబడింది. "మంచి ఆసుపత్రి మేడం. ఒక్క ఏడాదే గద, ఓర్చుకోండ్రి."

అప్పుడు నేను వార్డు బయట వరండాలో నిలబడి ఉన్నాను. లోపల ఒక బిడ్డ ఏడుస్తోంది. నాకు ఆ ఉద్యోగం ఎంత కావాలో నాకే తెలుసు. అయినా చెప్పాను. "వద్దని చెప్పండన్నా."

వార్డులో నాతో పనిచేసేవాళ్ళు నన్ను తిట్టారు. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదన్నారు. చేతులు కడుక్కునే దగ్గర కాసేపు ఏడ్చాను. గదులు ఖాళీ చేసి ఎల్లారెడ్డి వచ్చేశాం. దుకాణం షట్టర్ తెరుచుకుంది. నేను మళ్ళీ లింగంపేట మీదుగా బస్సు ఎక్కాను. విచిత్రమేమిటంటే, ఆ తరువాత మేమిద్దరం ఆ నెల వృథా అయిందని ఎప్పుడూ అనుకోలేదు. దుకాణం నుంచి రాగానే మా ఆయన స్టవ్ దగ్గరికి వెళ్ళడం అలవాటైపోయింది.

వానాకాలం నాట్లు అయిపోయే వేళకు అదే ఏజెంటు మళ్ళీ ఫోన్ చేశాడు. మస్కట్ కాదు, సలాలా. ఒమాన్‌లోనే, దూరంగా సముద్రం పక్కన ఉన్న ఊరు. అక్కడికి వచ్చిన నర్సులు ఒంటరితనం భరించలేక వెళ్ళిపోతున్నారట. కుటుంబంతో వచ్చేవాళ్ళయితే మేలని ఆసుపత్రి వాళ్ళే అంటున్నారట. "మీరు యాదికొచ్చిన్రు మేడం" అన్నాడు.

ఆ సాయంత్రం మేము పెద్దగా చర్చించుకోలేదు. చర్చ అంతా కామారెడ్డిలోనే అయిపోయింది. దుకాణం ఎవరికి అప్పగించాలన్నదొక్కటే మిగిలింది. మా ఆయన నేరుగా ఆ పోటీ మెకానిక్ దగ్గరికే వెళ్ళి అడిగాడు. ఆయన ఒప్పుకున్నాడు. మా అత్తమ్మ మాతో వస్తానని అనలేదు, వెళ్ళొద్దనీ అనలేదు. బయలుదేరే రోజు పొద్దున పాలు పోసి వచ్చి, కొడుకు చేతిలో పచ్చడి డబ్బా పెట్టి, "తిని డబ్బా పారెయ్యకుండ్రి" అంది.

ఇప్పుడు సలాలాలో మాకు రెండో ఏడు నడుస్తోంది. అన్నీ అనుకున్నట్టు జరగలేదు. పాప మొదట్లో బడి నుంచి వచ్చి ఎవరితోనూ మాట్లాడేది కాదు. మా ఆయనకు పని దొరకడం మేము అనుకున్నదానికన్నా బాగా ఆలస్యమైంది. ఆ రోజుల్లో గడ్డం మళ్ళీ పెరిగింది. నాకు భయమేసింది కానీ, అది ఎలా దాటుతుందో ఇద్దరం కామారెడ్డిలోనే చూశాం. చివరికి తోటలకు నీటి పంపులు బాగుచేసే చోట చేరాడు. అక్కడి మేస్త్రీ మలయాళంలో తిడితే మా ఆయన తెలుగులో జవాబిస్తాడట, ఇద్దరికీ బాగానే కుదిరింది. నేను నేర్చుకోవాలనుకున్న పని నేర్చుకుంటున్నాను. మొదట్లో ఏ మిషన్ ఎందుకు మోగుతోందో తెలిసేది కాదు. ఇప్పుడు కొత్తగా వచ్చిన నర్సులకు నేనే చూపిస్తున్నాను.

నా ఒప్పందం గడువు దగ్గరపడుతోంది. కొనసాగాలా, ఎల్లారెడ్డికి రావాలా అని పోయిన శుక్రవారం ముగ్గురం కూర్చున్నాం. కామారెడ్డిలో ఆసుపత్రి వాళ్ళు వార్డు పెంచుతున్నారని, నేను వస్తే బాగుంటుందని కబురు పంపారు. మా ఆయన తన మనసులో ఉన్నది చెప్పాడు, నేను నాది చెప్పాను. పాపను అడిగితే పెన్ను నోట్లో పెట్టుకుని చాలాసేపు కిటికీ బయటికి చూసింది.

"నాకు జర టైమియ్యండి. ఆలోచించి చెప్త" అంది.

ఇస్తున్నాం.